గాజుల దెయ్యం ఏ ఎపిసోడ్‌లో వచ్చింది? (చిన్నప్పుడు టీవీ చూసి జడుసుకున్నవాళ్ళు చెప్పండి)

పెరటిబావి
ముప్పై ఏళ్ళుగా ఒక ఎపిసోడ్ కోసం వెతుకుతున్నాను. ఇక్కడ దొరక్కపోతే ఇంకెక్కడా దొరకదు.

జీ హారర్ షో. మా ఊరు పాలకొల్లు దగ్గర. కేబుల్ వచ్చిన కొత్తలు, మా ఇంట్లో టీవీ లేదు. రెండు వీధుల అవతల మేడింటివాళ్ళకి ఉండేది. రాత్రి అన్నాలు తిని నేనూ మా అన్నయ్యా వెళ్ళేవాళ్ళం. నాది నాలుగో తరగతి, వాడిది ఎనిమిది. నాకు హిందీ ఒక్క ముక్క రాదు. వాడు బళ్ళో చదువుతున్నాడు కాబట్టి పక్కన కూర్చుని చెవిలో తెలుగులో చెప్పేవాడు.

ఒకరోజు వచ్చిన కథలో పాడుబడ్డ బంగళా, జుట్టు విరబోసుకున్న ఆవిడ. మా అన్నయ్య చెప్పిందేంటంటే, ఆవిడ గాజుల దెయ్యం. బతికున్నప్పుడు ఒక గాజు పోగొట్టుకుంది. దాని కోసం ఇల్లిల్లూ తిరుగుతుంది. ఎవరి చేతికి బేసి సంఖ్యలో గాజులుంటే వాళ్ళ దగ్గరికి వస్తుంది. అంతే, ఆ రాత్రి ఇంటికి వచ్చేవరకూ దారంతా నా గాజులు ఒక్కోటీ పైకీ కిందకీ జరుపుతూ లెక్కపెట్టుకుంటూనే నడిచాను. ఆ రాత్రితో ఆగిందా అంటే లేదు. నా సీమంతానికి పేరంటాళ్ళు గాజులు తొడుగుతుంటే కూడా లోపల లెక్కే. పదమూడు దగ్గర ఆపేశారు. "ఇంకొకటి వెయ్యండి" అంటే మా అత్తగారు, సరదా పడుతున్నాననుకుని నవ్వారు.

మొన్న మా అమ్మాయికి చూపిద్దామని యూట్యూబ్‌లో పాత ఎపిసోడ్లు పెట్టాను. అది పదకొండేళ్ళ పిల్ల. "అమ్మా, ఆ దెయ్యం ముఖానికి రబ్బరు తొడుగు ఊడిపోతోంది చూడు" అని పడీ పడీ నవ్వింది. పరువు పోయింది. కనీసం ఆ గాజుల కథ దొరికితే చూపించి దాని నోరు మూయిద్దామని. ఎవరికైనా గుర్తుందా?

కరెంటుపోయింది
దెయ్యం కంటే మీ అన్నయ్య డేంజర్ మనిషిలా ఉన్నాడు.

డయనోరా83
గాజుల కథ తగల్లేదు. ఆ షో నేను చాలానే చూశాను. 1993 ఆగస్టులో మొదలైంది, మొట్టమొదటి కథ పేరు దస్తక్. అందులో పంకజ్ ధీర్, అర్చనా పూరన్ సింగ్. పంకజ్ ధీర్ అంటే బి.ఆర్. చోప్రా మహాభారత్‌లో కర్ణుడు. అర్చనా పూరన్ సింగ్ ఇప్పుడు కామెడీ షోలో కూర్చుని నవ్వే ఆవిడే. ఒకప్పుడు మనల్ని ఏడిపించింది.

ఓరుగల్లు_పోరడు
గా మ్యూజిక్ ఇంటెనే నాకు ఒంటికి పోవాలనిపిస్తుండె. గని పోవాలంటె దొడ్డి దాటాలె, చింతచెట్టు దాటాలె. మా ఇంట్ల లాట్రిన్ బయట ఉండె. మా చెల్లెను లేపి తోడు తీస్కపోయేటోన్ని, అది నిద్రల నడుస్తనే ఉండేది. నేను లోపల, అది బయట. "ఉన్నవానే?" "ఉన్న." "ఉన్నవానే?" "ఉన్న." ఒకరోజు జవాబు రాలే. బిత్తరపోయి ఉరికొచ్చి చూస్తె, అది గోడకు ఒరిగి నిద్రపోయింది.

సికింద్రాబాద్_సీను
ఆ జీ హారర్ షో తీసిన రామ్సే బ్రదర్స్ గురించి తెలిస్తే ఇంత భయపడేవాళ్ళు కాదు. తులసీ రామ్సే, శ్యామ్ రామ్సే. 1972 నుంచీ వాళ్ళది అదే వ్యాపారం. పురానా మందిర్, వీరానా లాంటి సినిమాలు చుట్టేసి, ఆ మార్కెట్ పడిపోతున్న టైముకి టీవీకి వచ్చారు. సినిమాకి వాడిన సరుకే ఇక్కడా: నీలం లైటు, నేల మీద పొగ, కిర్రుమనే తలుపు, కెమెరాకి అడ్డంగా ఒక ఎండుకొమ్మ. మా ఇంట్లో అందరం నవ్వుకుంటూ చూసేవాళ్ళం.

పెరటిబావి
సీను గారూ, మీరు సికింద్రాబాద్‌లో పుట్టి హిందీ ఉగ్గుపాలతో తాగారు. మీకేం. అక్కడ ఇద్దరు మనుషులు గుసగుసలాడుతుంటే వాళ్ళు భోజనం గురించి మాట్లాడుతున్నారో శవం గురించి మాట్లాడుతున్నారో మాకు తెలీదు. ప్రతి మాటా శాపంలాగే వినపడేది.

గోదారిగట్టు
ఇది నిజం. ఒక సీన్లో పనివాడు వచ్చి ఏదో అంటే మేం నలుగురం దుప్పట్లో దూరిపోయాం. పెద్దయ్యాక చూస్తే వాడన్నది "అయ్యగారూ, టీ తీసుకురానా?"

కరెంటుపోయింది
😂😂 టీ దెయ్యం

అనంతపురం_అబ్బి
మీరంతా కేబుల్ కాలం పిల్లలు. మాది దూరదర్శన్ కాలం. 1985లో విక్రమ్ ఔర్ బేతాల్ వచ్చేది. రామానంద్ సాగర్ తీసింది. మా వీధికంతా ఒకటే టీవీ, చెక్క తలుపులుండే పెట్టె. బేతాళుడిగా సజ్జన్ అనే పెద్దాయన. తెల్లజుట్టు, ఆ నవ్వు. రాజు వీపు మీద ఎక్కి కూర్చుని చెవి దగ్గర మాట్లాడుతుంటే, నా వీపు మీద ఎవరో కూర్చున్నట్టే ఉండేది. ఇంటికి పోయేటప్పుడు గోడకు వీపానించి పక్కకు నడిచేవాణ్ణి, ఎండ్రకాయ మాదిరి.

అసలు తమాషా తర్వాత. 1987లో అదే సాగర్ రామాయణం మొదలుపెట్టె. విక్రమార్కుడిగా వేసిన అదే అరుణ్ గోవిల్ రాముడు. మా అవ్వ టీవీకి కుంకుమ పెట్టి టెంకాయ కొట్టి చేతులెత్తి మొక్కుతా ఉంటే, నేను వెనకాల నిలబడి ఆ రాముడి వీపు మీదే చూస్తా ఉండేవాణ్ణి. వాడు ఎప్పుడొచ్చి ఎక్కుతాడో ఏమో అని. వనవాసానికి పోతాంటే ఇంకా దిగులు. అడివిలో చెట్లుంటాయి కదా.

చిట్టిగారె
రాముడి వీపు మీద బేతాళుడు! రేపటినుంచి నేను రామాయణం ఎలా చూడాలి 🤦‍♀️

డయనోరా83
బేతాళుడు హారర్ ఏంటండీ. నీతికథ. చివర్లో ప్రశ్న, జవాబు. తెలుగువాళ్ళకి చందమామలో నెలనెలా వచ్చేవాడే కదా, మన ఇంటి మనిషి.

అనంతపురం_అబ్బి
చందమామలో శంకర్ గారు గీసిన బొమ్మ చూసినావా సరిగ్గా? శ్మశానం, పుర్రెలు, కత్తి పట్టుకున్న రాజు, భుజం మీద వేలాడే శవం. నెలనెలా వస్తే భయం తగ్గుతుందా? నెలకోసారి గుర్తు చేస్తుంది. పైగా జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుతుందని బెదిరింపు. మా లెక్కల అయ్యవారు కూడా అంత మాట అనలా.

ఓరుగల్లు_పోరడు
జవాబు చెప్తె పీనుగు చెట్టెక్కుతది, చెప్పకుంటె తల పల్గుతది. గవర్నమెంట్ ఆఫీసు లెక్కనే ఉన్నది.

చిట్టిగారె
నాకు దెయ్యాలంటే భయం లేదు. జోకరంటే భయం. కారణం జీ టీవీలోనే వచ్చిన "వో" అనే సీరియల్. పొట్టిగా ఒక జోకరు. పిల్లల్ని పిలుస్తాడు. అది చూసిన ఏడాదే గుడివాడకి సర్కస్ వచ్చింది. మా నాన్న టికెట్లు తెచ్చారు. గుడారం గేటు దగ్గర చొక్కా పట్టుకుని వేలాడి ఏడిస్తే, మా నాన్న ఆ టికెట్లు ఎవరికో ఇచ్చేసి నన్ను మిరపకాయ బజ్జీల బండి దగ్గరికి తీసుకెళ్ళారు. ఈ రోజుకీ పిల్లల పుట్టినరోజు పార్టీల్లో రంగు ముక్కు తగిలించుకున్నవాడు కనిపిస్తే నేను వంటింట్లోకి వెళ్ళిపోతాను. అందరూ నేను పనిమంతురాలిననుకుంటారు.

డయనోరా83
వో 1998లో వచ్చింది. ఆ జోకరు వేసింది లిలిపుట్. కథ స్టీఫెన్ కింగ్ రాసిన ఇట్ నవల నుంచి తెచ్చుకున్నది. అమెరికాలో అదే నవలని 1990లో టీవీకే రెండు భాగాలుగా తీశారు, అక్కడ జోకరు టిమ్ కర్రీ. అక్కడి పిల్లలు ఆయన్ని చూసి జడుసుకుంటే ఇక్కడి పిల్లలు లిలిపుట్‌ని చూసి జడుసుకున్నారు.

ఇంకో సంగతి. ఆ వో సీరియల్లో నటించినవాళ్ళలో అశుతోష్ గోవారికర్ ఒకరు. మూడేళ్ళ తర్వాత లగాన్ తీసింది ఆయనే.

చిట్టిగారె
మీరు ఇవన్నీ బట్టీ పట్టారా లేక రాత్రిళ్ళు నిద్ర పట్టదా?

డయనోరా83
రెండూ.

పెరటిబావి
మా అమ్మాయిని ఈ చర్చ చదవనిస్తున్నా. "మీ కాలం వాళ్ళందరూ ఇంతేనా" అంటోంది. ఎవరైనా నా గాజుల సంగతి చూడండి ప్లీజ్.

మాంబళం_మామయ్య
గాజుల సంగతి తెలియదు గానీ, నా కేసు వినండి. మేం మద్రాసు తెలుగువాళ్ళం. మాకు సన్ టీవీయే ప్రపంచం. అందులో మర్మదేశం అని వచ్చేది. కె. బాలచందర్ గారి కంపెనీ తీసింది, నాగా డైరెక్షను, ఇందిరా సౌందర్‌రాజన్ రచన. అందులో "విడాదు కరుప్పు" అనే కథ. కరుప్పు అంటే తమిళ పల్లెల్లో ఊరి కాపలా దేవుడు. చేతిలో పెద్ద కొడవలి, గుర్రం మీద తిరుగుతాడు. సీరియల్లో తప్పు చేసినవాడు ఒక్కొక్కడే చస్తుంటాడు, గుర్రపు డెక్కల చప్పుడు ముందు, చావు తర్వాత.

దెయ్యమైతే తాయెత్తు కట్టుకోవచ్చు. ఇది దేవుడు! దేవుడికి భయపడితే ఎవరికి మొక్కుకోవాలి? నేనా వారమే మా అక్క పర్సులోంచి రెండు రూపాయలు కొట్టేసి ఉన్నాను. డెక్కల చప్పుడు వినగానే చెమటలు. తెల్లారి లేచి ఆ రెండు రూపాయలూ, దాని మీద వడ్డీ కింద ఒక అర్ధరూపాయీ కలిపి పర్సులో పెట్టేశాను. అక్క లెక్క చూసుకుని, డబ్బు పెరిగిందేమిటని ఇంకా పెద్ద గొడవ చేసింది.

మా అమ్మ మాత్రం "కరుప్పు అంటే మన పోతురాజు లాంటివాడే, మనవాళ్ళని ఏమీ చెయ్యడు" అని ఓదార్చేది. తెలుగువాళ్ళకి ప్రత్యేకం కన్సెషన్ అన్నమాట.

గోదారిగట్టు
వడ్డీ 😂😂 దొంగతనంలో కూడా నిజాయితీ

రాజాం_రాణి
మా రాజాం వైపు టీవీలో చూసింది చాలక బయట కూడా నడిచేది. "ఓ స్త్రీ రేపు రా" గుర్తుందా ఎవరికైనా? ప్రతి తలుపు మీదా సుద్దముక్కతోనో బొగ్గుతోనో రాసేవారు. రాత్రిపూట మనింట్లోవాళ్ళ గొంతుతో పేరు పెట్టి పిలుస్తాదట. తలుపు తీసామా, అయిపోయినట్టే. రాసుంటే చదువుకుని, రేపొద్దాంలే అని వెళ్ళిపోతాదట. రేపొచ్చి మళ్ళీ చదువుకుంటాది.

మా తాత అడిగీవోడు, "దానికి చదువొచ్చేటి?" అని. ఊళ్ళో సగం మందికి రాదు, దెయ్యానికి మాత్రం ఒచ్చు. మా అమ్మ మాత్రం ఎందుకైనా మంచిదని కింద ఒక బొమ్మ కూడా వేసింది, చెయ్యి ఊపుతున్నట్టు.

ఓరుగల్లు_పోరడు
మా దిక్కు గూడ రాశిన్రు. మా పక్కింటాయన పేరు పెట్టి పిలిస్తె సొంత భార్యకు గూడ మూడు రోజులు తలుపు తియ్యలే. గామె సద్ది పట్టుకొని వాకిట్ల నిలవడ్డది.

బర్మింగ్‌హామ్_బాబు
ఇండియాలో లేనివాళ్ళం కూడా తప్పించుకోలేదు. నేను ఇక్కడే పుట్టాను. నాన్న గుంటూరు నుంచి వచ్చిన డాక్టరు. 1992 అక్టోబరు 31, హాలోవీన్ రాత్రి, బీబీసీ వన్‌లో ఘోస్ట్‌వాచ్ అని వేశారు. నాకు ఎనిమిదేళ్ళు.

అది నాటకమని మాకు తెలీలేదు. స్టూడియోలో మైకేల్ పార్కిన్‌సన్. వార్తలంత నమ్మకమైన పెద్దమనిషి. లండన్ పక్కన నార్తోల్ట్‌లో మామూలు ఇల్లు, ఒక తల్లి, ఇద్దరు ఆడపిల్లలు. ఇంట్లో చప్పుళ్ళు వస్తుంటే తల్లి "అవి నీళ్ళ పైపులే" అని పిల్లలకి సర్దిచెప్పింది. అందుకని పిల్లలు ఆ దెయ్యానికి పైప్స్ అని పేరు పెట్టారు. ఆ ఇంట్లోంచి మాట్లాడేది సారా గ్రీన్. మా పిల్లల ప్రోగ్రాముల్లో కనిపించే అక్క. ఆవిడ చివర్లో మెట్ల కింద ఉన్న గదిలోకి వెళ్ళి, ఇంక బయటికి రాదు. అంతా ముందే తీసిపెట్టుకున్నది, వేసింది మాత్రం లైవ్ లాగా. ఫోన్ చెయ్యమని నిజమైన నంబరు కూడా ఇచ్చారు.

మా అమ్మ ఇంగ్లీషు అప్పటికి అంతంతమాత్రం. పార్కిన్‌సన్ మొహం చూసి నిజమనుకుంది. నాన్న నైట్ డ్యూటీలో. ఆస్పత్రికి ఫోన్ చేసి, అడిగిన మొదటి ప్రశ్న: "నార్తోల్ట్ మనకెంత దూరం?" వంద మైళ్ళు అంటే కాస్త కుదుటపడింది. తర్వాత దేవుడి దగ్గర దీపం వెలిగించి, స్మోక్ అలారం మోగితే నేనూ అమ్మా ఒకేసారి కేకపెట్టాం.

దాన్ని బీబీసీ మళ్ళీ వెయ్యలేదు. 1994లో బ్రిటిష్ మెడికల్ జర్నల్లో, అది చూసి రోజుల తరబడి కోలుకోని ఇద్దరు పదేళ్ళ పిల్లల కేసు గురించి డాక్టర్లు రాశారు. నాన్న ఆ పేజీ తెచ్చి అమ్మకి చూపించారు, "చూడు, ఇంగ్లీషోళ్ళ పిల్లలే భయపడ్డారు" అని. అమ్మకి అది మెడల్ ఇచ్చినట్టయింది. ఇప్పటికీ మా ఇంట్లో రేడియేటర్ చప్పుడు చేస్తే "పైపులాయన వచ్చాడు" అంటుంది.

పెరటిబావి
వామ్మో. నీళ్ళ పైపుకి దెయ్యం పేరు. మాకు అప్పట్లో పైపుల్లేవు కాబట్టి బతికిపోయాం.

సికింద్రాబాద్_సీను
బాబు చెప్పిందే నా పాయింటు. అది బాగా తీసిన సరుకు, భయపడటంలో న్యాయం ఉంది. జీ హారర్ షోకి భయపడటంలో న్యాయం లేదు.

గోదారిగట్టు
న్యాయం చూసుకుని ఎవరైనా భయపడతారా సీనూ?

విక్రాల్_ఫ్యాన్
నాది 2001 బ్యాచ్. స్టార్ ప్లస్‌లో ష్‌ష్ కోయీ హై. విక్రాల్, గబ్రాల్ వచ్చాక భయం పోయింది. దెయ్యాల్ని పట్టే హీరోలు మనవైపు ఉన్నారు కదా అని. మీ తరానికి హీరో లేడు, అందుకే ఈ తిప్పలు.

ఓరుగల్లు_పోరడు
మా తరానికి హనుమంతుడు ఉండె తమ్మీ. నేను భయంల దండకం మర్శిపోయి "అర్జున ఫల్గుణ" సదివేటోన్ని. గది పిడుగులకు. దెయ్యానికి పనిచేస్తదో లేదో తెల్వది గని, మా ఇంటి మీద పిడుగైతె పడలే.

మాంబళం_మామయ్య
తెలుగులో ఏమీ లేవా అసలు? అన్నీ హిందీ, తమిళమేనా?

గోదారిగట్టు
ఎందుకు లేదు. ఈటీవీలో అన్వేషిత. అచ్యుత్, యమున. తొంభైల చివర్లో. మా కాలనీలో అది వచ్చే టైముకి వీధిలో కుక్క కూడా ఉండేది కాదు. అచ్యుత్ 2002లోనే పోయారు, చిన్నవయసులో. ఆయన్ని తమ్ముడు సినిమాలో పవన్ కల్యాణ్‌కి అన్నగా చూసినప్పుడు కూడా మా చెల్లి "అన్వేషిత ఆయన" అనే అంది.

ఓరుగల్లు_పోరడు
గదే అడుగుతున్న. పెరటిబావి అక్క హిందీ రాక భయపడ్డం అంటున్నది. మరి అన్వేషిత తెలుగే కదా. ప్రతి మాట సమజైంది. అయినా చెమటలు పట్టినయ్. లెక్క ఏడ కుదిరింది?

పెరటిబావి
మంచి ప్రశ్నే వేశావ్ తమ్ముడూ. నా మటుకు తేడా ఉంది. తెలుగులో వచ్చింది వచ్చినంతవరకే భయం. కథ అయిపోతే అయిపోయినట్టే, తెల్లారి బళ్ళో చెప్పుకుని నవ్వుకునేవాళ్ళం. హిందీది అలా కాదు. ఎక్కడ అయిపోయిందో తెలీదు కదా. దెయ్యం చచ్చిందో, రేపొస్తానందో.

రాజాం_రాణి
నేనైతే సగం కూడా చూడనేదు. దుప్పటి ముసుగు. దుప్పట్లో ఒక చిన్న కన్నం, దాంట్లోంచి చూడడం. చూసిందానికంటే విన్నదే ఎక్కువ. సోనీలో ఆహట్ వచ్చీది కదా, అది మొత్తం నేను విన్న సీరియలే.

డయనోరా83
ఆహట్ అంటేనే అలికిడి. పేరుకి తగ్గట్టు చూశారు. 1995లో సోనీ మొదలైనప్పుడే వచ్చింది. తీసింది బి.పి. సింగ్, ఆ తర్వాత సీఐడీ తీసినాయన. ఆయనకి ఆ కిటుకు తెలుసు. దెయ్యాన్ని చూపిస్తే నవ్వొస్తుంది, పక్కగదిలో కుర్చీ జరిగిన చప్పుడు వినిపిస్తే నవ్వు రాదు. పెరటిబావి గారి అమ్మాయి నవ్వడానికి అదీ ఒక కారణం. మధ్యాహ్నం, ఫోన్లో, సౌండ్ తగ్గించి చూస్తే రబ్బరు తొడుగే కనపడుతుంది.

అనంతపురం_అబ్బి
అయిపోయినాక టీవీ ఆపినప్పుడు మధ్యలో ఒక తెల్ల చుక్క మిగిలేది చూడు, అది చిన్నగా అయ్యి ఆరిపోయేదాకా ఎవరూ లేచేవాళ్ళు కాదు. నాకు అదే బేతాళుడి కన్ను.

కరెంటుపోయింది
నా పేరు ఎందుకు అదో ఇప్పుడు చెప్తా. సరిగ్గా దెయ్యం తలుపు తీస్తుండగా కరెంటు పోయింది. గదిలో పద్దెనిమిది మందిమి. చీకట్లో ఎవరో నా కాలు పట్టుకున్నారు. నేను పక్కవాడి కాలు పట్టుకున్నా. అలా గొలుసు. కరెంటొచ్చాక చూస్తే అందరం ఒకరి కాలు ఒకరం పట్టుకుని ఉన్నాం, ఇంటావిడ మాత్రం కొవ్వొత్తి పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది, కింద నుంచి వెలుగు మొహం మీద పడుతూ. ఆవిణ్ణి చూసి ఇద్దరు పిల్లలు చేసిన పని ఇక్కడ రాయలేను. ఒకణ్ణి నేనే.

సికింద్రాబాద్_సీను
పెరటిబావి గారూ, రాత్రంతా ఆలోచించాను. ఆ షోలో గాజుల కోసం తిరిగే దెయ్యం నాకు ఎంత తల పగలగొట్టుకున్నా తట్టలేదు. ఒక అనుమానం. మీ అన్నయ్యకి హిందీ ఎంతొచ్చు?

పెరటిబావి
ఎనిమిదో తరగతి హిందీ. బాగానే వచ్చేదనుకుంటా. పదిలో పాసయ్యాడు.

గోదారిగట్టు
మన పదో తరగతిలో మిగతా సబ్జెక్టులకి 35 రావాలి, హిందీకి 20 వస్తే చాలు. పాసయ్యాడంటే ఏమీ తేలదు.

సికింద్రాబాద్_సీను
అదీ. హిందీలో దెయ్యాన్ని, జుట్టు విరబోసుకున్న ఆడ దెయ్యాన్ని ఏమంటారు? చుడైల్. గాజుల్ని ఏమంటారు? చూడియా. ఆ షోలో రెండు నిమిషాలకొకసారి ఎవడో ఒకడు "చుడైల్! చుడైల్!" అని అరుస్తుంటాడు. మీ అన్నయ్య బళ్ళో పాఠంలో చూడియా చదువుకుని ఉంటాడు, చుడైల్ ఏ పాఠంలోనూ ఉండదు. వినపడ్డదానికి తెలిసిన మాట తగిలించాడు. ఆ తర్వాత కథంతా గాజుల చుట్టూ అల్లేశాడు.

చిట్టిగారె
😱

ఓరుగల్లు_పోరడు
సీనన్నా నీ కాలు మొక్కుతా 🙏 ముప్పై ఏండ్ల కేసు కొట్టేసినవ్

కరెంటుపోయింది
అంటే ఆ ఎపిసోడ్ లేదు?? పాపం ఆవిడ సీమంతంలో కూడా...

రాజాం_రాణి
పెరటిబావీ, ఉన్నావేటమ్మా?

ఓరుగల్లు_పోరడు
"ఉన్నవానే?"

పెరటిబావి
ఉన్నా. అన్నయ్యకి ఫోన్ చేశాను. దుబాయ్‌లో ఉంటాడు, ఆఫీసు టైమని కూడా చూడలేదు. చుడైల్ అంటే ఏంట్రా అని అడిగాను. "దెయ్యం" అన్నాడు. మరి అప్పుడు గాజులని ఎందుకు చెప్పావంటే చాలాసేపు నవ్వాడు. "అప్పుడు నాకు గాజులనే వినపడిందే. హిందీ పుస్తకంలో గాజులమ్మే మనిషి పాఠం ఉండేది. దెయ్యం అని నాకు పదేళ్ళ తర్వాత బొంబాయిలో ఉద్యోగం చేసేటప్పుడు తెలిసింది" అన్నాడు. తెలిసి ఇన్నేళ్ళూ చెప్పలేదు!

సరే, గాజులు వినపడ్డాయి, బేసి సంఖ్య ఎక్కడిది, అది కూడా హిందీలో వినపడిందా అని నిలదీశాను. కాసేపు మాట్లాడలేదు. అది మాత్రం కావాలనే కల్పించాడట. తిరిగొచ్చే దారిలో రైసుమిల్లు పక్కన దీపాలుండవు. వాడే పెద్దవాడు కాబట్టి ముందు నడవాలి. వెనక్కి తిరిగి చూడాలంటే వాడికి భయం. నేను ఉన్నానో లేనో తెలీదు, పిలిస్తే గొంతు వణుకుతుంది. "నువ్వు లెక్కపెట్టుకుంటూ నడిస్తే గాజులు గలగలమంటాయి కదా, నా వెనకాలే ఉన్నావని తెలుస్తుందని" అన్నాడు.

చిట్టిగారె
అయ్యో. తిడదామనుకున్నా మీ అన్నయ్యని.

అనంతపురం_అబ్బి
నాకు చెల్లెలు ఉండుంటే గోడ పట్టుకుని ఎండ్రకాయ మాదిరి నడిచే పని తప్పేది.

సికింద్రాబాద్_సీను
ఒప్పుకుంటున్నా, ఒక విషయం. మా ఇంట్లో అందరం నవ్వుకుంటూ చూసేవాళ్ళమని పైన రాశాను. నవ్వేది మా బాబాయి ఒక్కడే. మేం ఆయన నవ్వుతున్నాడని నవ్వేవాళ్ళం. ఆయన ఊరెళ్ళిన వారం టీవీ పెట్టలేదు.

ఓరుగల్లు_పోరడు
గిది ముందుగాల చెప్పాలె కదనే!

కరెంటుపోయింది
పెరటిబావి గారూ, ఇప్పుడు చేతికి ఎన్ని?

పెరటిబావి
కుడిచేతికి ఏడు. మా అమ్మాయి ఒకటి తీసేసి వెళ్ళింది, చూద్దామని.

రాజాం_రాణి
తలుపు మీద "ఓ గాజూ రేపు రా" అని రాసెట్టు.

పెరటిబావి
రాసింది. సుద్దముక్కతో. కింద చెయ్యి ఊపే బొమ్మ కూడా వేసింది. ఇంట్లో అందరూ పడుకున్నారు, నేను ఏడుతోనే ఉన్నాను. ఎనిమిదోది టేబుల్ మీదే పెట్టుకున్నాలెండి, దగ్గర్లోనే.